హార్మోనియంలోకి దేవుడు ఎప్పుడొచ్చాడు?

చండ్రుగొండ నుంచి భద్రాచలం దాకా రామాలయాల్లో భజన అంటే హార్మోనియం శ్రుతి ముందు వినిపించాలి. ఎడమ చెయ్యి వెనక తిత్తిని ఆడిస్తుంది, గాలి ఇత్తడి రీడ్లను కదిలిస్తుంది, కుడి చెయ్యి మెట్ల మీద నడుస్తుంది. ఆ నాదం అందుకుని తాళాలు, డోలక్ మొదలవుతాయి. రామదాసు కాలం నుంచీ ఇలాగే ఉందనిపించేంతగా ఆ పెట్టె మన భక్తిలో కలిసిపోయింది. కానీ రామదాసుగా మనం పిలుచుకునే కంచర్ల గోపన్నను చెరలో పెట్టించిన తానీషా ఏలుబడి 1672లో మొదలై గోల్కొండ పతనంతో 1687లో ముగిసింది. అలెగ్జాండర్ దెబాన్ పారిస్‌లో హార్మోనియానికి పేటెంటు తీసుకున్నది 1842లో. పెద్ద ఆర్గాన్ కొనలేని చర్చిలు దాన్ని వాడుకున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని వాయించుకునేలా మార్చాడు. అంటే రామదాసు కీర్తనకు ఈ వాద్యం పుట్టుకతో చుట్టం కాదు. అయినా ఇప్పుడు దానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. ఈ పవిత్రత ఎక్కణ్ణుంచి వచ్చింది? చెక్కలో ఉందా, పాటలో ఉందా, వాయించే చేతిలో ఉందా?

ఈ ప్రశ్నను తేల్చుకోవడానికి మరో మెట్ల వాద్యం కథ బాగా పనికొస్తుంది. అది యూరప్ వాళ్ల హార్ప్సికార్డ్. మెట్టు నొక్కితే లోపల సన్నని చెక్కపుల్ల పైకి లేస్తుంది, దానికి బిగించిన పక్షి ఈక ముక్క తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా మోతలో పెద్ద తేడా రాదు, నాదం ఎక్కువసేపు నిలవదు. రాజాస్థానాల్లో, సంపన్నుల ఇళ్లలో, చర్చి సంగీతంలో వెలిగిన ఈ వాద్యం 1800 నాటికల్లా పియానో ముందు నిలవలేక మూలపడింది. అలాంటిది 1960లలో రాక్ కుర్రాళ్ల చేతికి వచ్చింది. యార్డ్‌బర్డ్స్ ‘ఫర్ యువర్ లవ్’లో 1965లో, రోలింగ్ స్టోన్స్ ‘లేడీ జేన్’లో 1966లో అది మోగింది. మరుసటి ఏడు జిమీ హెండ్రిక్స్ ‘బర్నింగ్ ఆఫ్ ద మిడ్‌నైట్ ల్యాంప్’ కోసం స్వయంగా వాయించాడు. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ముల పక్కన ఇంత బలహీనమైన గొంతు వినిపించిందంటే అది మైక్రోఫోన్ చలవే. మత్తులోనో ధ్యానంలోనో మరో లోకాన్ని వెతుక్కుంటున్న తరానికి ఆ మరో లోకపు చప్పుడు ఇందులో దొరికింది. వాళ్ల తపన నిజమైనదేనని నా నమ్మకం. కాకపోతే వాళ్లకు దొరికింది ఏమిటన్నదే చూడాలి.

బీటిల్స్ పాట ‘ఇన్ మై లైఫ్’ దీనికి జవాబు చెబుతుంది. అందులో మధ్యన వచ్చే వాద్యాన్ని చాలామంది హార్ప్సికార్డ్ అనుకుంటారు. నిజానికి అది పియానో. వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ టేపును సగం వేగంలో నడిపి వాయించి, తర్వాత మామూలు వేగానికి తెచ్చాడు. వాద్యం లేకుండానే వాద్యపు మహిమ వచ్చేసింది. అంటే వినేవాణ్ణి కదిలించింది పురాతనత్వమనే భావన, కాలదూరం తెచ్చిన ప్రభ. దూరం వల్ల వచ్చే ప్రభను ఇలా నకలు చెయ్యొచ్చు. పవిత్రత అలా రాదు, దానికి దగ్గరితనం కావాలి, నియమం కావాలి. చిత్రంగా, ఆ పాట వచ్చిన 1965లోనే అదే బృందంలోని జాన్ లెనన్ ‘వీ కెన్ వర్క్ ఇట్ అవుట్’లో హార్మోనియం వాయించాడు. మన గుడిలో దేవుడి సేవ చేసే వాద్యజాతే అక్కడ పాటకు ఒక రంగు. మెట్లూ అవే, రీడ్లూ అవే. తేడా అంతా ఆ పెట్టెతో మనిషి పెట్టుకున్న బంధంలో ఉంది. మన ఆరాధన కూడా ఈ మాటే ఒప్పుకుంటుంది. వినాయక చవితి నాడు మట్టిలోకి దేవుణ్ణి ఆవాహన చేస్తాం, ఉద్వాసన చెప్పాక మట్టిని నీళ్లలో కలుపుతాం. పిలిచినంతసేపూ నిష్ఠగా చూసుకోవడమే అక్కడ ముఖ్యం. ఏకాదశి ఏకాదశికీ, శనివారం శనివారానికీ తరాల తరబడి భజన చేసినవాళ్లు హార్మోనియంలోకి అలాగే పిలిచారు.

హార్మోనియాన్ని ఒప్పుకోనివాళ్ల వాదన చిన్నదేమీ కాదు. దాని స్వరాలు కట్టేసినట్టుంటాయి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారలేవు, గమకం పలకదు, కాబట్టి అది మన నాదానికి అపచారం అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని ఇష్టపడలేదు. ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుంచి దాన్ని వెలివేసింది, 1971 దాకా తలుపు తియ్యలేదు. గమకం గురించి వాళ్లన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే అది వాద్యం శక్తికి సంబంధించిన మాట, దాని యోగ్యతకు కాదు. విదేశీయమే అడ్డయితే వయొలిన్ కూడా గుమ్మం బయటే ఉండాలి కదా. బాలుస్వామి దీక్షితులు దాన్ని తెచ్చి కర్ణాటక సంగీతంలో కూర్చోబెట్టారు, ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని తెలుగువాళ్ల సొంతం చేశారు. గమకం పలికేది కచేరీకి వెళ్లింది. పదిమంది గొంతులను ఒక శ్రుతిలో నిలిపేది భజనకు వచ్చింది. ఎవరి పని వాళ్లదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం ఈ భద్రాచలం అడవి అంచునే ఉంది. వాడుకే పవిత్రం చేస్తుందంటే, కోయల డోలు స్థానంలో మరేదైనా పెట్టుకోవచ్చా? ఇలవేల్పుల కొలుపులో డోలి కళాకారుడు పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి, ఏ గట్టుకు, అంటే ఏ గోత్రానికి, ఏ వేల్పో, ఆ వంశం ఎక్కణ్ణుంచి వచ్చిందో పాడతాడు. ఆ గుడ్డ మీది బొమ్మలు, ఆ డోలు దెబ్బ, ఆ జ్ఞాపకం విడదీయరానివి. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను డోలితో పాడగలిగిన అరుదైన మనిషి ఆయన, 2024లో కన్నుమూశారు. ఆ డోలును కీబోర్డుతో మార్చలేమన్న మాట నిజమే. మార్చలేకపోవడానికి కారణం తోలూ చెక్కా కావు. ఆ డోలు పట్టినవాడికి తన గట్ల వాళ్ల పట్ల ఒక బాధ్యత ఉంది, వాళ్లకు అతని మాట మీద నమ్మకం ఉంది. ఆ బాధ్యత మరొకరికి అందేదాకా డోలు అటకెక్కే ఉంటుంది. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యడం లేదు, ఇంకా కఠినంగా నిలబెడుతోంది.

అందుకే ప్రభుత్వ వేదికల మీద, రవీంద్రభారతి లాంటి చోట్ల డోలుకు ఐదు నిమిషాలిచ్చి శాలువా కప్పడం నాకు సరిపోయినట్టనిపించదు. హార్ప్సికార్డ్‌కు రాక్ పాటల్లో దక్కిన ప్రభే అక్కడ డోలుకూ దక్కుతుంది. బయటివాళ్లు ఆశ్చర్యపోతారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ వేదికలకు పెట్టే డబ్బులో కొంతైనా కోయ గూడేల్లో పడిగె చదవడం నేర్చుకునే పిల్లలకు, నేర్పే పెద్దలకు నెలనెలా అందాలి. కొలుపు నాటికి డోలు పట్టుకుని వేల్పుల పేర్లు వరుస తప్పకుండా చెప్పగలిగేది ఆ పిల్లలే.