నీళ్లిచ్చినవాడు ఓటు అడగడం: రైతు శాసనసభ్యుడి ధర్మం

రైతు కుటుంబం నుంచి వచ్చిన శాసనసభ్యుడు రెండోసారి ఓటు అడిగేటప్పుడు చేసిన పని చూపిస్తాడు, చేయబోయే పని చెబుతాడు. ఈ రెంటి నడుమ ధర్మానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. ప్రజల సొమ్ముతో, ప్రజలిచ్చిన పదవిలో ఉండి తెచ్చిన నీళ్లు ప్రజల మీద అప్పు అవుతాయా? అవుతాయనుకుంటే ఓటు ఆ అప్పుకు చెల్లింపు. కావనుకుంటే శాసనసభ్యుడు వచ్చింది వసూలుకు కాదు, లెక్క అప్పజెప్పడానికి. అతని ప్రాధాన్యాల వరుస ఎలా ఉండాలన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఈ ప్రశ్న 2023లో వనపర్తి నియోజకవర్గంలో సూటిగా ఎదురైంది. న్యాయవాది అయిన సింగిరెడ్డి నిరంజన్ రెడ్డి 2014లో అక్కడ ఓడి, 2018లో గెలిచి, 2019 నుంచి తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రిగా పనిచేశారు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లను తమ ప్రాంతానికి మళ్లించడంలో పట్టు చూపినందుకు జనం ఆయనను ‘నీళ్ల నిరంజన్ రెడ్డి’ అన్నారు. మళ్లీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆయన ముందు పెట్టినవి సాగునీరు, రైతుబంధు పెట్టుబడి సాయం, పంటల కొనుగోలు. ఆయనకు పోటీగా నిలిచిన తూడి మేఘారెడ్డి అదివరకు నిరంజన్ రెడ్డి పార్టీలోనే ఉండి, పెద్దమందడి మండల పరిషత్ అధ్యక్షుడిగా పనిచేసి, కాంగ్రెస్‌లోకి వెళ్లినవారు. నీళ్లు వచ్చిన మండలం నుంచే పోటీదారు రావడం వల్ల ఇక్కడి ప్రశ్న మరింత పదునెక్కింది.

ఆ నేలకు నీటి పుణ్యం గురించిన ఆలోచన కొత్తది కాదు. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులను సప్త సముద్రాలంటారు. కొత్తకోట దగ్గరి శంకరసముద్రం, శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి ఒడ్డునున్న రంగసముద్రం వాటిలోవే. ఈ రెండూ ఇప్పుడు భీమా ఎత్తిపోతలకు జలాశయాలుగా పనిచేస్తున్నాయి. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని రాజులు నమ్మారు. కొడుకు పేరు నిలిపినట్టే చెరువూ పేరు నిలుపుతుంది, పరలోకంలో ఫలమిస్తుంది. రాజుకు ఫలం అక్కడ దొరుకుతుంది కనుక ఇక్కడ రైతును ఏమీ అడగనక్కర్లేదు. శిస్తు మాత్రం అడిగాడు, అది వేరే సంగతి.

మహాభారతం సభాపర్వంలోని ఆలోచన ఇంతకంటే గట్టిది. ధర్మరాజు కొలువుకు వచ్చిన నారదుడు వరుసగా ప్రశ్నలు వేస్తాడు. రాజ్యంలో చెరువులు పెద్దవిగా, నిండుగా, అన్ని భాగాల్లోనూ ఉన్నాయా? సేద్యం వాన మీదే ఆధారపడకుండా ఉందా? రైతుకు విత్తనానికీ తిండికీ లోటు లేదు కదా? నూటికి ఒకటి వడ్డీతో అప్పు ఇస్తున్నావా? నన్నయ తెలుగులోనూ ఈ నారద ప్రశ్నల ఘట్టం ఉంది. ఇక్కడ గమనించవలసింది ఆ మాటల తీరు. చెరువు తవ్వించినందుకు మెప్పు ఉండదు, తవ్వించకపోతే సంజాయిషీ ఉంటుంది. ‘అన్ని భాగాల్లోనూ’ అన్న షరతు ఇంకా ముఖ్యం. రాజధాని పక్కన ఒక్క సముద్రం నిండితే నారదుడి ప్రశ్నకు జవాబు కాదు. నీరు, విత్తనం, అప్పు అనే ఈ వరుస నేటి రైతు శాసనసభ్యుడి ప్రచార పత్రానికి చాలా దగ్గరగా ఉంది. బౌద్ధంలోనూ ఇలాంటి మాట వినిపిస్తుంది. దీఘనికాయంలోని కూటదంత సూత్రంలో యజ్ఞం చేయబోతున్న రాజుకు పురోహితుడు ముందుగా సేద్యం చేసేవారికి విత్తనాలు, పశువుల మేత ఇమ్మని చెబుతాడు.

భగవద్గీత దగ్గరికి వస్తే చిక్కు మొదలవుతుంది. పని మీద అధికారం ఉంది, ఫలం మీద లేదన్నది గీత చెప్పేది. ఎన్నికల వ్యవస్థ ఐదేళ్లకోసారి ఫలం అడగమనే చెబుతుంది. అడగనివాడు గెలవడు, గెలవనివాడికి పని చేసే అవకాశమే ఉండదు. నిష్కామ కర్మ శాసనసభ్యుడికి కుదరదని చాలామంది తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. ఓటు గడిచిన పనికి ఫలమైతేనే ఈ విరోధం నిలుస్తుంది. ఓటు రాబోయే ఐదేళ్ల పనిని అప్పగించడం అనుకుంటే, చేసిన పని అర్హతకు రుజువు మాత్రమే అవుతుంది. అప్పుడు ‘నేను నీళ్లిచ్చాను’ అన్న మాట చోట ‘ఇంకా ఎక్కడ రాలేదో ఇదిగో’ అన్న మాట రావాలి. గీత మూడో అధ్యాయంలోని లోకసంగ్రహం అన్న భావనకు ఇదే దగ్గర.

కాల్వ చివర నిలబడి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కల్వకుర్తి పథకం శ్రీశైలం వెనుక జలాల నుంచి కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు వద్ద నీటిని ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా మొత్తం మూడు దశల్లో పైకి తెస్తుంది. అంత ఎత్తు ఎక్కిన నీటికి కరెంటు ఖర్చు రాష్ట్రమంతా భరిస్తుంది. కాల్వ మొదట్లో ఉన్న రైతు తూము తెరుచుకుని రెండు కార్లు వరి వేస్తాడు. చివరి ఆయకట్టు రైతు మోటారు, బోరు నమ్ముకునే ఉంటాడు. పాత చెరువుల కింద ఈ తగువు తీర్చడానికి నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలన్నది అతని చేతిలో ఉండేది. నీళ్లు తక్కువైన ఏడు ఎవరి పొలం ఎండాలో ఊరంతా కూర్చుని తేల్చుకునేది. పంపుహౌస్ కట్టడం కష్టమైన పనే కానీ, దానికి శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. నీరటి పనికి అవేవీ లేవు. రైతు శాసనసభ్యుడి ప్రాధాన్యాల్లో చివరి తూము మొదట రాకపోతే, మిగతా వరుస ఎంత బాగున్నా న్యాయం తప్పినట్టే.

రైతే శాసనసభ్యుడైతే మరో చిక్కు ఉంది. సాగు కష్టం తెలియడం అతని బలం. భూమి ఉండడం అతని స్వార్థం. రెండూ ఒకే పొలం నుంచి వస్తాయి. 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేల రూపాయలు, తరువాత 5 వేలు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మొదలైన రైతుబీమా, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చింది. రైతుబంధు పెట్టుబడి వేళకు నేరుగా ఖాతాలో పడడం చిన్న మేలు కాదు. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా విత్తనాలు కొన్న ఇళ్లు ఉన్నాయి. కానీ అది పట్టాదారుకు, ఎకరాల లెక్కన వెళ్లింది. ఎక్కువ ఎకరాలకు ఎక్కువ, కౌలుకు దున్నేవాడికి ఏమీ లేదు, కూలికి ఏమీ లేదు. భూమి ఉన్నవారు ఎక్కువగా ఉన్న సభ ఇలాంటి పథకాన్ని ఆమోదించినప్పుడు, దాతా గ్రహీతా కొంతవరకు ఒక్కరే అవుతారు. దానధర్మం గురించిన ఏ పాత గ్రంథం ముందు పెట్టినా ఈ భాగం నిలవదు.

దానం గురించి చెప్పుకోవడంపైనా 2023లో ఒక తీర్పు వచ్చింది. నవంబరు 30న పోలింగ్. దానికి ముందు యాసంగి రైతుబంధు జమ చేయడానికి ఎన్నికల సంఘం షరతులతో అనుమతిచ్చింది. ఆర్థిక మంత్రి ప్రచార సభలో ఆ చెల్లింపు గురించి మాట్లాడినందుకు నవంబరు 27న ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. డబ్బు ఇవ్వడం తప్పు కాలేదు, ఇస్తున్నామని ఓటు వేళ చెప్పుకోవడం తప్పయింది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న నీతి ఇలా నియమావళిగా మారింది. నష్టం మాత్రం మాట జారిన నాయకుడికి కాదు, విత్తనం వేళ దాటిపోతున్న రైతుకు జరిగింది. న్యాయం గురి తప్పి తగలడం ఇదే.

చేదు నిజం చెప్పడం శాసనసభ్యుడి ప్రాధాన్యాల వరుసలో చివరిది, అన్నిటికంటే కష్టమైనది. వనపర్తి ప్రాంతం యాసంగి వేరుశనగకు పేరున్నది. నీళ్లు వచ్చాక వరి పెరిగింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు అని ఏ పంట ఎంత వేయాలో చెప్పబోయి, ఆ ఏడాది చివరికే విరమించుకుంది. 2021-22 యాసంగిలో ఉప్పుడు బియ్యం కొనేది లేదని కేంద్రం అనడంతో, వరి వేయొద్దని రాష్ట్రం రైతులకు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా చేసి, మరునాడే తానే కొంటానని ప్రకటించింది. అన్ని పొలాల్లోనూ వరి నిలకడైన దారి కాదని నిరంజన్ రెడ్డి మంత్రిగా చెప్పడం సరైన మాటే. అయితే వరికి తోడు కొనుగోలు కేంద్రం ఉంది, వేరుశనగకు, పప్పుకు ఆ భరోసా లేదు. వేరే పంటకు ధర పూచీ చూపకుండా వరి మానమనడం ఉపదేశంగా మిగిలిపోతుంది. పెద్దమందడి మండలం మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. తోట పంటల చదువు ఊళ్లోనే ఉన్నా, మార్కెట్ ఊళ్లోకి రాలేదు.

ఎన్నికలో మేఘారెడ్డి 25 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. ప్రభుత్వం మారాలన్న గాలి రాష్ట్రమంతా ఉంది కనుక నీళ్లకు జనం కృతఘ్నులయ్యారని అనడానికి వీల్లేదు. ఓటరు దృష్టిలో వచ్చిన నీళ్లు తన హక్కు, తీరిన పద్దు; అడగవలసింది తరువాతి పద్దు. కొత్త ప్రభుత్వమూ అదే పరీక్షలోకి వచ్చింది. ఎకరానికి ఏడాదికి 15 వేలు ఇస్తామని చెప్పి, 2025 జనవరి 26 నుంచి రైతుభరోసాగా 12 వేలు ప్రకటించింది. అదే రోజు భూమిలేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12 వేల రూపాయల ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను మొదలుపెట్టింది. ఎకరం లెక్కలోకి రానివారు ఇలా మొదటిసారి వరుసలో చోటు పొందారు. కౌలు రైతు ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు.