షష్టిపూర్తికి హాలు మాట్లాడే ముందు



మన సంవత్సరాలకు ప్రభవ నుంచి అక్షయ వరకు 60 పేర్లు. 1965 ఉగాదికి వచ్చిన విశ్వావసు మళ్ళీ వచ్చింది 2025 ఉగాదికే. పుట్టిన సంవత్సరం పేరు తిరిగి పలకరించే వేళ చేసుకునే వేడుక షష్టిపూర్తి. శాంతి హోమం, కలశ జలాలతో స్నానం, పిల్లల చేతుల మీదుగా అమ్మానాన్నలకు మళ్ళీ పెళ్ళి.

ఇప్పుడిది పెద్ద ఫంక్షన్ హాల్లో, వందల మంది మధ్య జరుగుతోంది. జరగనివ్వండి. కష్టపడి పెంచినవాళ్ళను నలుగురిలో కూర్చోబెట్టి చూసుకోవాలనుకోవడం మంచి కోరికే. అయితే హాలుకు అడ్వాన్సు కట్టేముందు ఆ ఇద్దరినీ అడగండి, ఎవరెవరిని చూడాలని ఉందో. నాన్నతో కలిసి చదువుకున్న స్నేహితుడు, అమ్మకు పురిటి వేళ అండగా నిలిచిన పిన్ని... వీళ్ళ నంబర్లు మీ ఫోన్లో ఉండవు. వాట్సాప్‌లో కార్డు పంపితే సరిపోదు. ఇంటికెళ్ళి బొట్టుపెట్టి పిలవాలి, ఆ రోజు కారు పంపాలి.

ఇక భోజనాలు. వచ్చే పెద్దవాళ్ళు ప్లేటు పట్టుకుని బఫే వరుసలో నిలబడలేరు. వాళ్ళకోసం ఒక బంతి వేయించండి, విస్తట్లో వడ్డించమనండి. హోమం ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. షుగరు మాత్రలు వేసుకునే దంపతులు అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉండకూడదు. పాలో పండో ఏం తీసుకోవచ్చో డాక్టరునీ పురోహితుణ్ణీ ముందే అడిగి పెట్టుకోండి.

వీడియో తీసేవాళ్ళకూ చెప్పాలి, తలంబ్రాల వేళ వేదికకు అడ్డంగా నిలబడొద్దని. ముందు వరుసలో కూర్చున్న మేనత్త ఊరి నుంచి వచ్చింది అది చూడటానికే.