ముద్దుమాటకు ఎల్లల్లేవు

మన పార్వతీపురం సంతలో తెలుగు, ఒడియా, సవర మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. బేరం మధ్యలో చంటివాడు ఏడిస్తే, తల్లి "ఏడవకు బాబూ" అని చంకనెత్తుకుంటుంది. హిందుస్తానీ నుంచి వచ్చిన ఈ "బాబు" ఒడియాలో పెద్దమనుషుల పేరు చివర చేర్చే గౌరవపదం. మన ఇళ్లలో పసివాడి ముద్దుపేరు.

ముద్దుమాట ఇలా ఎల్లలు దాటడం మన దగ్గరే కాదు. గ్రీకులు శతాబ్దాలపాటు తుర్కుల ఏలుబడిలో ఉన్నారు. 1923 ఒప్పందంతో గ్రీసు, తుర్కీ దేశాలు మతాన్నిబట్టి లక్షలమందిని అటూఇటూ తరలించాయి. అయినా గ్రీకు తల్లి బిడ్డను "జియేరి ము", అంటే నా కాలేయమా, అని ముద్దుచేస్తుంది. పారశీకపు "జిగర్" తుర్కీ భాష మీదుగా అక్కడికి చేరింది, ఉర్దూలోనూ ఉంది.

పగ ఉన్నచోట కూడా లాలన నిలిచింది. కలిసి బతికే మనకు అదెంత తేలిక! పొరుగింటి భాషలో బిడ్డను పిలిచే ముద్దుమాట ఒకటి ఇవాళే నేర్చుకోండి. ఆ బిడ్డను నోరారా అలాగే పిలవండి.