నెమరు వేయని మంద
(వాక్యధ్యానము ఆరంభించువారికి కొన్ని మాటలు)



చదువవలసిన భాగములు: ఆదికాండము 24:62-67, యెహోషువ 1:8, మొదటి కీర్తన.

తొండేభావి స్టేషనులో బెంగళూరు ప్యాసింజరు కోసము తెల్లవారకముందే నిలబడే మన బిడ్డలను మీరెరుగుదురు. వారిలో ఒక చిన్నవాడు కొన్ని నెలల క్రిందట మా ఇంటికి వచ్చాడు. తాను పనిచేసే చోట ధ్యానపు క్లాసు పెట్టారట. ఇరవై నిమిషములు కళ్ళు మూసుకొని కూర్చుంటే తల బరువు దిగిందట. "అయ్యగారూ, మన మందిరములో కూర్చోవడము ఎవ్వరూ నేర్పలేదే. మనకు ధ్యానము లేదా?" అని అడిగాడు. "అది మన మార్గము కాదు నాయనా" అని చెప్పి మేము పంపివేశాము. తరువాత రెండు ఆదివారములు అతడు ఆరాధనకు రాలేదు.

ఆ జవాబు తప్పు. తప్పు అని తెలిసి కూడా తొందరలో చెప్పాము. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాయుచున్నాము.

ఇస్సాకును చూడండి. తల్లి శారా చనిపోయిన దుఃఖము ఇంకా తీరలేదు. పెండ్లి సంబంధము కోసము దూరదేశము పోయిన సేవకుని నుండి కబురు లేదు. ఉన్నది దక్షిణ దేశపు ఎండు నేల, మన గౌరిబిదనూరు, బాగేపల్లి చేల వంటిదే. ఆ సాయంకాలము అతడు పొలములోనికి వెళ్ళినది ధ్యానించుటకు. ఎవ్వరూ చెప్పలేదు, కూటము ఏర్పాటు చేయలేదు. ఒంటెలు వచ్చుచుండుట అతడు కన్నులెత్తి చూచినది అప్పుడే.

యెహోషువ గ్రంథములోను, మొదటి కీర్తనలోను ధ్యానమునకు హెబ్రీలో ఉన్న మాట 'హాగా'. మెల్లగా నోటిలో పలుకుకొనుట, గొణుగుకొనుట అని దాని భావము. యెషయా 31:4లో సింహము వేటను పట్టుకొని గుర్రుమనుటకు, 38:14లో గువ్వ మూలుగుటకు కూడా అదే మాట. మన తాతమ్మలు అక్షరము రాకపోయినా వాక్యమును పెదవులమీద ఆడించుకొంటూ కలుపు తీసేవారు. వారు చేసినది ధ్యానమే. దానికి పేరు పెట్టడము వారికి తెలియలేదు, అంతే.

మన ప్రాంతములో పాడి లేని ఇల్లు తక్కువ గనుక ఈ పోలిక చెప్పనవసరము లేదు గాని చెప్పుచున్నాము. ఆవు మేసేటప్పుడు గబగబ మ్రింగుతుంది. తరువాత నీడన పండుకొని, రోజు మొత్తము మీద ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. బెదరగొడితే ఆపివేస్తుంది. పశువుకు జబ్బు చేసినదంటే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి, నెమరు వేయుచున్నదా అని. మనమో, ఆదివారము ప్రసంగము, వారము మధ్య కూటము, ఫోనులో ఇంకా పది ప్రసంగములు మ్రింగుచున్నాము. నెమరుకు మాత్రము తీరిక లేదు.

ఒంగోలు ప్రార్థన కొండ సంగతి, 1854 జనవరి 1న జూయెట్ దొరగారు మరి నలుగురితో ఆ కొండ ఎక్కిన సంగతి, మన పిల్లలకు కూడా తెలుసు. ఎర్రగుంట్ల పేరయ్య సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన ఒంగోలుకు పడమటనున్న పల్లెవాడు, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. క్రీస్తును ఎరుగకముందు ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగము నేర్చి, నిశ్చలముగా కూర్చొని సత్యమును వెదకినవాడు. వ్యాపారము మీద ఏలూరు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. మరుసటి జనవరిలో క్లౌ దొరగారు ఆయన పల్లెకు వెళ్ళగా 28 మంది బాప్తిస్మము తీసుకొన్నారు. పేరయ్య తన పాత గురువును విడిచాడు. కాని ఏండ్ల తరబడి నేర్చిన ఆ కూర్చునే ఓర్పును దేవుడు వ్యర్థము చేయలేదని మాకు తోచుచున్నది.

ప్రయోజనము ఏమిటని అడుగువారికి: శరీరమునకు మేలు ఉన్నది. అమెరికాలో హార్వర్డు వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వ్రాసిన పుస్తకములో, నిశ్శబ్దముగా కూర్చొని ఒక మాటనే మరల మరల పలుకుకొంటే ఊపిరి, గుండె వేగము నెమ్మదించునని చూపాడు. బ్రిస్టలు అనాథాశ్రమముల జార్జి ముల్లరుగారు ఇంకొక మేలు చెప్పారు. ఏండ్ల తరబడి ఆయన లేచిన వెంటనే ప్రార్థనకు పూనుకొనేవారు, మనస్సు ఎక్కడెక్కడో తిరిగేది. ముందు వాక్యమును ధ్యానించుట ఆరంభించిన తరువాత ప్రార్థన దానంతట అదే వచ్చినదని 1841లో వ్రాసుకొన్నారు. అయితే ఒక మాట. నిద్ర లేక, దిగులుతో మందులు వాడుచున్నవారు ధ్యానము పేరుతో వాటిని మానకూడదు. కూర్చున్నకొద్దీ భయము పెరిగితే లేచి, ఎవరితోనైన మాట్లాడండి, వైద్యునికి చూపించుకొనండి.

ఇక ఆరంభము. అయిదు నిమిషములు చాలు. అరగంటతో ఆరంభించినవారు వారములో మానివేయుట మేము చూచాము, మేమే మానివేశాము. ఫోను వేరే గదిలో పెట్టండి. ఒక్క గదే ఉన్న ఇంట్లో అయితే గుమ్మము బయట అరుగు చాలు. నేలమీద కూర్చోలేనివారు కుర్చీ వేసుకొనవచ్చును. ఒకే ఒక వచనము తీసుకొని, మెల్లగా బయటికి పలకండి. ఒకసారి ఒక మాటను ఒత్తి, మరొకసారి ఇంకొక మాటను ఒత్తి పలకండి. 23వ కీర్తన మొదటి వచనముతో చేసి చూడండి: 'నా' అనే చిన్న మాట దగ్గర ఆగితే మూడు రోజులు గడచును. రాత్రి షిఫ్టు వారు ఇంటికి వచ్చి పడుకొనే ముందు చేయవచ్చును. చదువు రాని పెద్దలు మనుమనిచేత ఒకసారి చదివించుకొంటే ఆ దినమంతటికి సరిపోవును. పాల డెయిరీ దగ్గర వరుసలో నిలబడి కూడా పెదవులు కదపవచ్చును.

మనస్సు పారిపోవును. అందరికీ పారిపోవును. కోపపడక వచనము దగ్గరికి తిరిగి రండి. అయితే తిరిగి తిరిగి ఒకే మనిషి ముఖము ఎదుట నిలిచిందా, అప్పుడు మత్తయి 5:23-24 గుర్తుచేసుకొనండి. లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్ళవలెను.

మాకు అట్లే జరిగినది. నాలుగవ దినమున వచనము మధ్యలో ఆ చిన్నవాని ముఖము వచ్చినది. అయిదవ దినము కూడా వచ్చినది. ఆ సాయంకాలము వాళ్ళింటికి వెళ్ళి, నీవడిగినదానికి మేము తప్పు జవాబు చెప్పాము నాయనా అని ఒప్పుకొన్నాము. వాళ్ళమ్మ కాఫీ పెట్టింది. ముగ్గురము వాకిట కూర్చొని ఒక్క వచనము చెప్పుకొన్నాము. మధ్యలో వాడికి నవ్వు వచ్చింది, మాకు కునుకు వచ్చింది. ఇప్పుడు అతడు స్టేషను బెంచీమీద, రైలు వచ్చేలోపల, చేయుచున్నాడు. రైలు ఆలస్యమైతే ఇంకొక వచనము దొరికిందని చెప్పుచున్నాడు.