గుర్రానికి నీళ్లు పట్టిన చేతులు

భారత యుద్ధంలో పద్నాలుగో రోజు. పొద్దు వాలేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. క్షణమైనా వృథా చేసే వీల్లేదు. అలాంటి వేళ శత్రుసేన నడుమ కృష్ణుడు రథం ఆపి గుర్రాల్ని విప్పేశాడు. బాణాలు దిగి, దాహంతో, ఆయాసంతో అవి సోలిపోతున్నాయి. అర్జునుడు నేలమీద నిలబడి సేనను అడ్డుకుంటూ, బాణంతో భూమిని చీల్చి మడుగు పుట్టించాడు. కృష్ణుడు తన చేతులతోనే వాటి ఒంట్లోని బాణాలు పీకి, మర్దించి, నీళ్లు తాగించి, మేపి, అవి తేరుకున్నాకే మళ్లీ రథానికి పూన్చాడు. ఇది ద్రోణపర్వంలోని ఘట్టం. గీత చెప్పిన నోటిని తలుచుకున్నంతగా మనం ఈ చేతుల్ని తలుచుకోం.

స్వారీ నేర్చుకునే పిల్లలకు మర్యాదలు చెప్పమంటే నేను ముందు ఈ కథే చెబుతాను.

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో గుర్రాలెక్కడున్నాయని ఇక్కడి మనవాళ్లు అడగొచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు గుర్రమంటే కోల్‌కతాలో విక్టోరియా మెమోరియల్ ముందు బండికి కట్టినదే. కానీ సెలవుల్లో కోల్‌కతాకో హైదరాబాదుకో పంపి స్వారీ నేర్పించగల స్తోమత ఇప్పుడు కొన్ని ఇళ్లకైనా ఉంది. పైగా మనం బతుకుతున్నది గుర్రాన్ని గౌరవించే నేల మీద. పక్కనున్న బాంకురా జిల్లా పాంచ్‌మురా కుమ్మరులు చేసే మట్టి గుర్రాల్ని ఈ ప్రాంతపు పల్లెల్లో మొక్కుగా చెట్టుకింద దేవుడికి సమర్పిస్తారు.

పాఠానికి ఆలస్యంగా వెళ్లడమే తొలి అమర్యాద. జీను బిగించుకుని మనకోసం ఎండలో నిలబడేది గుర్రం. తనకు సరిగ్గా వెనక ఏముందో దానికి కనబడదు. అందుకే వెనకనుంచి వెళ్లకూడదు. ఎడమ భుజం వైపు నుంచి, ముందు మాట వినిపించి, ఆ తర్వాత మెడమీద చెయ్యి వెయ్యాలి. హఠాత్తుగా తాకితే భయంతో తన్నుతుంది. ఎదుటి ప్రాణికి భయం కలగకుండా దగ్గరికి వెళ్లడం నేర్చుకున్న పిల్లవాడు అహింసలో తొలిపాఠం నేర్చుకున్నట్టే.

పగ్గాలు ఊతకోసం పట్టుకునేవి కావు. వాటి అవతలి కొస ఒక నోట్లో ఉంది. ఇంద్రియాల్ని గుర్రాలుగా, మనస్సును పగ్గంగా చెప్పింది కఠోపనిషత్తు. చిరాకులో ఉన్నవాడి చేతిలో పగ్గం తెలియకుండానే బిగుసుకుంటుంది, ఆ సంగతి వాడికంటే ముందు గుర్రానికే తెలుస్తుంది. తప్పు జరిగినప్పుడు గుర్రాన్ని తిట్టకుండా, కొట్టకుండా, తన చెయ్యి ఎలా ఉందో చూసుకోవడం నిజంగా సాధనే. మైదానంలో అరవకపోవడం, ముందు గుర్రానికి మరీ దగ్గరగా పోకపోవడం, అడక్కుండా తినడానికేమీ పెట్టకపోవడం వంటివి గురువే చెబుతారు, వింటే చాలు.

దిగగానే పగ్గం గుర్రాన్ని చూసుకునే సైసు చేతిలో పడేసి ఫోన్ తీసే పిల్లవాడికి ఆ విద్య అబ్బలేదనే నా అభిప్రాయం. జీను పట్టీ వదులు చెయ్యాలి, ఊపిరి కుదుటపడేదాకా నడిపించాలి, చెమట తుడవాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. ఇవన్నీ సైసు పక్కన నిలబడి, అతణ్ణి అన్నా అనో, ఇక్కడైతే దాదా అనో పిలిచి నేర్చుకోవాలి. పాండవుల అజ్ఞాతవాసంలో నకులుడు విరాటరాజు గుర్రాల్ని ఏడాదిపాటు చూసుకున్నాడు. మన తిక్కన భారతంలో అతని మారుపేరు దామగ్రంథి. మాద్రి కొడుకు చేసిన పనిని చిన్నచూపు చూడటం తగదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు పాఠం నుంచి రాగానే గుర్రం పేరేమిటో, దాన్ని చూసుకునే దాదా పేరేమిటో, ఆయాసం తీరాక దానికి నీళ్లెవరు పట్టారో అడగండి. జవాబు రాకపోతే, తర్వాతి పాఠానికి ఒక గంట ముందు పంపండి.