ఉచితమైనను మాట మాటయే

వెల పుచ్చుకొనకుండ ఇచ్చిన వస్తువు విషయమున ఇచ్చినవానికి బాధ్యత కలదా? అమ్మినవానికి కలదని అందరు ఒప్పుకొందురు. ఊరక ఇచ్చినవానిని అడుగుటకు మనకేమి హక్కని పలువురు అందురు. ఈ ప్రశ్న నేడు కంప్యూటరు రంగమున ప్రతిదినము ఎదురగుచున్నది.

ప్రోగ్రాములు వ్రాయువారు ప్రతి చిన్న పనిని తామే మొదటినుండి వ్రాసికొనరు. ఇతరులు వ్రాసి లోకమునకు ఉచితముగా విడిచిన భాగములను తెచ్చి కలుపుకొందురు. అట్టి భాగమునకు లైబ్రరీ అని పేరు. దుకాణమున బిల్లు వేయు కంప్యూటరులో కూడ ఇట్టివి ఎన్నో ఉండును.

లైబ్రరీని మార్చి వెలువరించిన ప్రతిసారి దానికి క్రొత్త సంఖ్య వేయుదురు. సెమాంటిక్ వెర్షనింగ్ అను పద్ధతిలో ఆ సంఖ్యకు మూడు భాగములు. తప్పు దిద్దినచో చివరిది పెరుగును. పాత పనికి భంగము లేకుండ క్రొత్త సౌకర్యము చేర్చినచో నడిమిది పెరుగును. పాత ప్రోగ్రాములకు పొసగని మార్పు చేసినచో మొదటిది పెరుగును. 2.4.1 తరువాత 2.4.2 వచ్చెననగా, సంశయము లేక తీసికొనుడని చెప్పినట్లు. 3.0.0 అనగా, చూచుకొని తీసికొనుడని హెచ్చరించినట్లు. ఒకసారి వెలువరించినదానిని అదే సంఖ్య క్రింద మార్చరాదనియు నియమము కలదు. మూటమీద గుర్తు అదియే ఉంచి లోపలి సరకు మార్చుట ఎట్టిదో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

2016 మార్చిలో ఒక రచయిత ఎన్‌పీఎం అను భాండారమునుండి లెఫ్ట్-ప్యాడ్ అను తన లైబ్రరీని తీసివేసెను. అందున్నవి 11 పంక్తులే. అయినను దానిపై ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాముల పని ఆగిపోయెను. భాండారమువారు కొద్ది గంటలలో దానిని తిరిగి నిలిపి, పిమ్మట అట్లు తీసివేయుటకు కట్టుదిట్టములు చేసిరి. ఉచిత లైబ్రరీల లైసెన్సులలో ఏ హామీయు లేదని సాధారణముగా వ్రాసియే యుందురు. కావున చట్టము అడుగదు. కాని నమ్మి నిలిచినవారు పడిపోయిన మాట నిజము.

అట్లని ఎన్నడును మార్చరాదనుట న్యాయము కాదు. పాత తప్పును శాశ్వతముగా మోయుమనుట ఇచ్చినవానికి శిక్ష. 2012లో గో భాషవారు, మొదటి వెర్షనుకు వ్రాసిన ప్రోగ్రాములు ముందును నడచునని మాట ఇచ్చిరి. పైథాన్ వారు వేరుదారి పట్టిరి. 2008లో పాతదానితో పొసగని 3.0ను వెలువరించిరి. సంఖ్యలో మొదటి భాగమే మారినది గనుక అందు దాపరికము లేదు. పాతదానిని వెంటనే విడువక, 2020 జనవరి 1వ తేదీ వరకు గడువిచ్చిరి. మార్పు పలువురికి కష్టమే అయినది. మోసము మాత్రము కాలేదు.

పుచ్చుకొనువారికిని ధర్మము కలదు. తాము వాడు సంఖ్యను గుర్తించి యుంచుకొనవలెను. మార్పుల ప్రకటన చదువవలెను. తీరికవేళల శ్రమించు వానిపై యజమానివలె అధికారము చేయరాదు. అతడు అలసినచో మానుకొనవచ్చును. అయితే మానుచున్నానని ముందుగా తెలుపవలెను.

సరకు ఉచితమైనను దానిపై వేసిన సంఖ్య ఒక మాట. ఆ మాటను నమ్మి ఇతరులు తమ పని కట్టుకొందురు. కావున వెల లేకున్నను మాట తప్పరాదు.