"విశేషమా?" అని అడిగే ముందు



పెళ్ళయి ఆరు నెలలు తిరిగేసరికి మన ఇళ్ళలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఏమ్మా, విశేషమా?" ఏడాది గడిస్తే ఆ ప్రశ్న గొంతు మారుతుంది. మూడేళ్ళు గడిస్తే ప్రశ్న పోయి నింద మిగులుతుంది. ఆ ప్రశ్నను మనం కోడలినే అడుగుతాం, కొడుకును అడగం. 'గొడ్రాలు' అన్న మాట ఆమె కోసమే దాచి ఉంచుతాం. ఇది న్యాయమేనా? సర్వేశ్వరుడు మానవ దేహాన్ని మలచిన తీరును కాస్త పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, బిడ్డకు రూపమిచ్చే శక్తి తండ్రిదని, తల్లి ఇచ్చేది కేవలం పదార్థమేనని తలచాడు. పునీత తోమాస్ అక్వినాస్ వారు కూడా తమ కాలపు విజ్ఞానం మేరకు ఆ అభిప్రాయాన్నే స్వీకరించారు. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు క్షీరదాల అండాన్ని సూక్ష్మదర్శినిలో గుర్తించేవరకు తల్లి పాత్ర సరిగా తెలియలేదు. విచిత్రమేమిటంటే, బిడ్డ పుడితే ఘనత తండ్రికి ఇచ్చిన లోకమే, పుట్టకపోతే తప్పును తల్లిపై మోపింది.

1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ 'హార్మోన్' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. కదిలించేది, ప్రేరేపించేది అని దాని గ్రీకు మూలానికి అర్థం. హార్మోన్లు ఒక అవయవంలో పుట్టి, రక్తంలో ప్రయాణించి, దూరాన ఉన్న మరో అవయవానికి ఆజ్ఞ అందజేసే దూతల వంటివి. సంతానానికి సంబంధించిన ఆజ్ఞ కడుపులో కాదు, తలలో మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం విడతలు విడతలుగా సంకేతాలు పంపగా, దాని కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటిని ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అంటారు.

స్త్రీలో ఎఫ్.ఎస్.హెచ్. అండాన్ని ఎదిగిస్తుంది. ఎదిగే అండం చుట్టూ ఉన్న కణాలు ఈస్ట్రోజన్‌ను తయారుచేసి గర్భసంచి లోపలి పొరను సిద్ధపరుస్తాయి. ఈస్ట్రోజన్ బాగా పెరిగినప్పుడు ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. సుమారు ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది. తరువాత ప్రొజెస్టిరాన్ ఆ పొరను రెండు వారాలపాటు నిలిపి ఉంచుతుంది. పిండం ఏర్పడకపోతే ప్రొజెస్టిరాన్ తగ్గి నెలసరి వస్తుంది.

ఇక పురుషుని సంగతి. అతని పీయూష గ్రంథి నుండి వచ్చేవి కూడా అవే ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్.! ఎల్.హెచ్. వృషణాలలో టెస్టోస్టిరాన్‌ను పుట్టిస్తుంది. ఎఫ్.ఎస్.హెచ్. దానితో చేతులు కలిపి శుక్రకణాల తయారీకి తోడ్పడుతుంది. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. సృష్టికర్త ఇద్దరికీ ఒకే దూతలను పంపి, ఒకే కార్యానికి ఇద్దరినీ పిలిచాడు. ఆ కార్యం జరగనప్పుడు ఒక్కరినే దోషిగా నిలబెట్టే అధికారం మనకెవరిచ్చారు?

వైద్యుల అనుభవం కూడా ఇదే చెబుతోంది. సంతానలేమి ఉన్న జంటలలో దాదాపు సగం మందిలో భర్త వైపు లోపం, అదొక్కటే గాని భార్య వైపు లోపంతో కలిసి గాని, ఉంటుంది. లోకంలో పెద్దవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. థైరాయిడ్ మందగించినా, ప్రొలాక్టిన్ హెచ్చినా అండం విడుదల ఆగిపోవచ్చు. వీటిని రక్తపరీక్షతో కనిపెట్టి చాలావరకు మందులతో సరిచేయవచ్చు. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు తీసుకునే యువకులు ఒకటి తెలుసుకోవాలి: బయటినుండి ఆ హార్మోన్ వస్తే మెదడు తన ఆజ్ఞలు ఆపుతుంది, శుక్రకణాలు తగ్గిపోతాయి.

బైబిలు గ్రంథంలోని హన్నాను తలచుకోండి. సవతి పెనిన్నా ఆమెను దెప్పి ఏడిపించింది. గుడిలో మౌనంగా పెదవులు కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉన్నదనుకున్నాడు. ఇంట్లోవారే కాదు, గురువులు సైతం ఇలాంటి స్త్రీ దుఃఖాన్ని తప్పుగా చదవగలరు. సర్వేశ్వరుడు మాత్రం సరిగా చదివాడు.

సంతానలేమికి కారణాలు వెదికి నయం చేసే వైద్యాన్ని శ్రీసభ ప్రోత్సహిస్తుంది. 1987లో వెలువడిన 'దోనుం వితే' అనే పత్రం ఈ మాట చెబుతూనే, బిడ్డ దంపతుల ప్రేమైక్యత నుండి కలగాలని, ప్రయోగశాల ఆ ఐక్యతకు మారుగా నిలవరాదని బోధించింది. బిడ్డ దేవుని వరం. ఎవరూ హక్కుగా అడగగల వస్తువు కాదు. బిడ్డలు కలగకపోయినా ఆ దంపతుల జ్ఞానవివాహం విలువ రవ్వంతైనా తరగదు. అనాథ బిడ్డను దత్తత తీసుకున్న ఇల్లు కూడా నిండైన క్రైస్తవ కుటుంబమే.

ఈ దేవుని పనిలో మరొక అద్భుతం ఉంది. పిండం గర్భసంచిని అంటిపెట్టుకోగానే హెచ్.సి.జి. అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి పంపుతుంది. ప్రొజెస్టిరాన్‌ను ఆపవద్దని, తనను నిలుపుకోమని చెప్పే కబురు అది. నెల తప్పిందని తల్లి గ్రహించే లోపే బిడ్డ ఆమెను పలకరిస్తాడన్నమాట. ఇంత చిన్న ప్రాణం మాటకు తల్లి దేహం చెవియొగ్గుతుంటే, మన ఇంట్లో మౌనంగా కుమిలిపోతున్న కోడలి మాటకు మనం చెవియొగ్గలేమా?

కనుక అత్తమామలారా, ఏడాది దాటినా సంతానం కలగకపోతే కోడలిని తాయెత్తుల కోసం తిప్పకండి. కొడుకునూ కోడలినీ కలిపి వైద్యుని వద్దకు పంపండి. కోడలి వయసు ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే పంపండి. భర్తలారా, ముందు మీరు పరీక్ష చేయించుకోండి. అందులో పరువు పోయేదేమీ లేదు. "మా ఇద్దరి సంగతి, మేమిద్దరం చూసుకుంటాం" అని మీ తల్లి ఎదుట ఒక్క మాట చెప్పండి. ఆ ఒక్క మాట కోసం మీ భార్య ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నదో! ఈ ఆదివారం గుడి మెట్ల దగ్గర ఆమె కనిపిస్తే, "విశేషమా?" అని అడగకుండా, "బాగున్నావా, అమ్మా?" అని పలకరిద్దాం.

తిరుకుటుంబము మన కుటుంబాలన్నింటినీ కాపాడునుగాక!